విశ్రమించిన కుళాయి అర్జీ

ఆషాఢమాసాంతమున రాత్రియెల్ల ఎడతెగక కురిసిన జడివానచే కడుగబడిన పెంకుటిండ్ల కప్పులపై లేయెండ తళతళలాడుచుండ చూరులనుండి జాఱు నీటిబొట్టుల చప్పుడునకు ఇడ్లీపాత్రల బుసబుసలును ఆటోవాండ్ర కేకలును పాలసైకిళ్ళ గంటలును తోడుకాగా సిరివరపట్టణము మేలుకొనుచుండెను. వీథులయందు మోకాలిబంటి నీరు నిలిచియున్నను వంటయిండ్లలోని బిందెలు మాత్రము ఎండియుండెను. ఏలయన ఆకాశమిచ్చు నీటికి అర్జీ అక్కఱలేదు గాని పురపాలకసంఘము వారిచ్చు నీటికి అక్కఱ కలదు. అర్జీ యను మాట వినినంతనే చదువరి నిట్టూర్చియుండును. తొందరపడకుము, ఈ కథయందలి అర్జీ మంచిది.

ఆ పట్టణమున సైకిలుషాపు మీది యిఱుకుగదిలో నిశితబుద్ధివిశేషవిభాసితయు వాక్చాతుర్యధురంధరయు కోపము ముక్కుమీదనే యుండునదియు నగు మళ్ళ హైమవతి యను యువతియు, మితభాషియు అమితతేనీటిసేవనవ్యసనుడును నగు జొన్నాడ యోహాను అను ఆమె సహాధ్యాయుడును కలిసి సాఫ్టువేరులు రచించు నొక చిన్న సంస్థను నడపుచుండిరి. చిన్నది యనగా నిజముగా చిన్నదే. యజమానులును వారే, ఊడ్చువారును వారే. పూర్వము కుళాయి కోరిన గృహస్థుడు మేజామేజాకు తిరిగి చెప్పులఱుగదీసికొనుచుండ వీరు రచించిన సాధనము వెలసిన పిమ్మట అర్జీయే తనంతట తాను ఒక మేజానుండి మఱియొక మేజాకు నడచుచు తానెచ్చట నున్నదో ఎప్పటికప్పుడు గృహస్థుని ఫోనునకు తెలుపుచుండెను. సిరివరమున దాని పేరు చెప్పినచో ముసలమ్మలు సైతము చేతులెత్తి దీవించుచుండిరి.

దీవెనలతో సంస్థ నడవదు గదా! ఒక్క పట్టణపు పనితో ఇద్దఱి బ్రదుకు సాగక అది మూతపడు దశకు వచ్చినది. అట్టి తరుణమున ప్రభుత్వమువారు చిన్న సంస్థలకొక వరము ప్రకటించిరి. ఒక యింటి రోలు వాడకంతకును పనికివచ్చినట్లు ఒక కార్యాలయమునకై చేసిన సాధనము తిరిగి వ్రాయనక్కఱలేక వేఱొక కార్యాలయమునకును పనికివచ్చినచో దానిని పెంపొందించుటకు నిధి యొసగెదమనియు, పరీక్షకై తాము కోరిన యూరికి దానిని కొనిపోయి అచ్చటి గుమాస్తాచేతనే నడిపింపవలెననియు, అప్పుడు చేసినవారు దానిని వ్రేలితోనైనను తాకరాదనియు శాసించిరి. నిధి వచ్చెనా, సంస్థ నిలుచును. రాదా, గదికి తాళము వేసి యోహాను బెంగుళూరునకును హైమవతి తన పెదతండ్రి ఎరువులదుకాణమునకును పోవలసినదే. ఆ ఎరువుల వాసన తలచుకొన్నపుడెల్ల హైమవతికి ఏడుపు ముంచుకొని వచ్చుచుండెను.

పరీక్షాసంఘము వారు కోరిన యూరు గుమ్మలూరు. కోరిన దినము శుక్రవారము, వేళ పదునొకండు గంటలు. ఆ వేళకు అచ్చటి పురపాలక కార్యాలయపు సభామందిరమున పరీక్షాసంఘాధ్యక్షురాలగు వేదుల అనసూయాదేవి, బహుకార్యాలయకార్యభారపరిణతయు నవ్వుటకు ముందు ఆలోచించునదియు నగు ప్రౌఢ, ఆసీనయై యుండెను. ఆమె ప్రక్కను సర్వమును శంకించుటయే వృత్తిగా గల సభ్యుడొకడు గడ్డము నిమురుకొనుచుండెను. గుమాస్తా సత్తారు కంప్యూటరు ముందు కూర్చుండెను. బస్టాండు చెంత అట్లు పోయు పోలమ్మ తన యింటికి కుళాయి కోరుటకై పిండి చేతులు కొంగున తుడుచుకొని వచ్చి నిలిచినది. హైమవతీయోహానులు గోడకు ఆనుకొని, చేతులు కట్టుకొని చూచుచుండిరి.

సత్తారు పోలమ్మ పేరును ఇంటి గుర్తులును నింపి మీట నొక్కెను. తెరపై పచ్చని అక్షరములు వెలిసినవి. "మీ అర్జీ విశ్రాంతి తీసికొనుచున్నది. దయయుంచి వేచియుండుడు."

సత్తారు మరల నొక్కెను. అర్జీ మరల విశ్రమించెను.

"విశ్రాంతియా? ఇపుడే గదా బాబూ అది పుట్టినది! ఏమి పని చేసి అలసినదని విశ్రాంతి? తెల్లవాఱినది మొదలు పెనము ముందు నిలిచియున్న నాకు లేని విశ్రాంతి దానికెందుకు?" అని పోలమ్మ బుగ్గ నొక్కుకొనెను.

యోహాను గోడ గడియారము వంక చూచెను. హైమవతి చెవి చెంతకు వంగి "కొంప మునిగినది హైమా! నేడు శుక్రవారము. రాహుకాలము!" అనెను.

సంగతి యేమనగా, సిరివరపు కమిషనరుగారు సకలసద్గుణసంపన్నుడేయైనను రాహుకాలమున సంతకము చేయువాడు కాడు. చేయకపోగా ఆ వేళ అర్జీ తన తెరపై కనబడినను ఉలికిపడి లేచి వరండాలో పచార్లు చేయుచుండెను. అందుచే వీరిరువురును ప్రతిదినము ఆ వేళ వచ్చిన అర్జీలను కదలనీయక నిలిపి పిదప పంపునట్లు సాధనమునకు నేర్పిరి. ప్రభుత్వపు తెరపై రాహువు పేరు బాగుండదని విశ్రాంతి యను మర్యాదమాట నుంచిరి. ఏడు వారముల రాహుకాలములను కూర్చినవాడు ప్రతి యాదివారమును చర్చికి పోయి ఏనాడును రాహుకాలమును పాటింపని యోహాను! ఓరి నీ యసాధ్యము కూల, చదువరి నవ్వినను తప్పులేదు. సిరివరము ఆ విశ్రాంతికి అలవాటుపడినది, చేసినవారు మఱచిరి. మఱచి గుమ్మలూరునకు సాధనముతోపాటు కమిషనరుగారి రాహుకాలమును గూడ మోసికొని వచ్చిరి.

"ఇంటర్నెట్టు మందకొడిగ నున్నదని చెప్పుదము. పండ్రెండు దాటినంతనే అదియే కదలును. ఒక్క పురుగునకును తెలియదు" అని యోహాను గుసగుసలాడెను.

అది నిజమే. ఎవ్వరికిని తెలియదు. హైమవతి కన్నుల యెదుట యూరియా బస్తాలు వరుసలు కట్టి నిలిచినవి. ఈ సంస్థ నిలుచుటకంటె ఆమె కోరునది లోకమున మఱియొకటి లేదు. ఐనను మెల్లగ నిట్లనెను.

"నేడు నెపము నెట్టుపై వేసెదము సరే. రేపు మఱియొక యూరిలో ఒక ముసలమ్మ బురదలో నడచివచ్చి, అర్జీ ఏల కదలదో తెలియక ఉసూరుమని యింటికి మరలిన నాడు ఎవరిపై వేసెదవు యోహానూ?"

యోహాను ప్రక్కకు తొలగి దారి యిచ్చెను. హైమవతి ముందునకు వచ్చి కమిషనరుగారి పేరుగాని ఊరిగౌరవముగాని చెడనీయక జరిగినదంతయు విన్నవించి "తప్పు నెట్టుది కాదమ్మా, మాది. ఒక యూరి అలవాటును ఊడదీయక ఇంకొక యూరికి తెచ్చితిమి" అని ముగించెను.

ముందుగా పోలమ్మ పకపక నవ్వెను. ఆవల బంట్రోతులు నవ్విరి. శంకాశీలుడగు సభ్యుడు బల్ల చఱచి "భేషు! ప్రభుత్వధనమును రాహువునకు నైవేద్యము పెట్టుమందురా?" అని గద్దించెను. హైమవతి కన్నులలో నీరు తిరిగినది.

అనసూయాదేవి మాత్రము నవ్వలేదు. "ఆ నియమము సాధనపు ఎముకలలో నున్నదా, పైన కట్టిన బట్టలో నున్నదా?" అని యడిగెను.

"బట్టలోనే యమ్మా. ఒక్కొక్క కార్యాలయపు అలవాట్లకు వేఱొక పుట నుంచితిమి."

"ఐనచో మీరిరువురును అచ్చటనే నిలువుడు. దారి చూపకుడు, దగ్గకుడు. సత్తారుగారూ, ఆ పుట యెచ్చట నున్నదో మీరే వెదకుడు."

సత్తారు తల గోకికొనెను. అతడా సాధనమును చూచుట అదియే మొదలు. అతనికి ఆ పుట దొరకనిచో పరీక్ష అంతటితో సరి. అతడొక మూల తెఱచెను, కాదు. ఇంకొక మూల తెఱచెను, అదియును కాదు. యోహాను కన్నులు మూసికొని ప్రార్థించుచుండెను. హైమవతి తన చున్నీ కొసను నలిపి నలిపి త్రాడు చేసినది. ఎట్టకేలకు సత్తారు "కార్యాలయపు అలవాట్లు" అని పైకి చదివి, క్రింద నున్న వాక్యములను నిదానముగ చూచి, విశ్రాంతి ప్రక్క నున్న గుర్తును చెఱిపివేసెను. మఱుక్షణమే పోలమ్మ రొండిని దోపుకొన్న ఫోను టింగుమనినది. అర్జీ ఇంజనీరుగారిని చేరినది.

హైమవతి హమ్మయ్య యనబోవుచుండ సత్తారు అంతటితో ఆగలేదు. "శుక్రవారము మధ్యాహ్నము నేను నమాజునకు పోవుదును. ఆ వేళ వచ్చినవి ప్రక్కసీటు భ్రమరాంబగారికి పోవలెను" అని తనలో తాననుకొనుచు ఆ మాటను ఆ పుటలో చేర్చెను. "మంగళవారము సంత. ఆనాడు పల్లెలవారు పెందలకడనే వత్తురు" అని అదియును చేర్చెను. అధ్యక్షురాలు రెండుమార్లు దగ్గినను అతనికి వినబడలేదు. సభ యున్నదనియు తాను పరీక్షలో నున్నాననియు అతడు పూర్తిగా మఱచిపోయెను.

అప్పుడు అనసూయాదేవి నవ్వెను. ఆలోచించి నవ్వినది గావున చాలసేపు నవ్వెను. "చేసినవారు గోడకు ఆనుకొని నిలిచియుండగనే ఇది ఈ యూరిదైపోయినది. మేమడిగినదియు ఇదియే గదా" అనెను.

"మఱి రాహువు మాట?" అని సభ్యుడు సణిగెను.

"రాహువును సిరివరమున సుఖముగ నుండనిండు" అని యామె లేచెను.

నిధి మంజూరైనది. ఆనాడు యోహాను త్రాగిన తేనీటికి మేర లేదు. ఎరువులదుకాణమునకు పెదతండ్రి వేఱొకనిని వెదకికొనవలసి వచ్చినందులకు హైమవతి మిఠాయిపొట్లముతో పోయి క్షమాపణ చెప్పుకొనెను. క్రమముగా ఆ సాధనము కొండదిగువ పట్టణములకును సముద్రతీరపు పట్టణములకును ప్రాకినది. ప్రతియూరును తన అలవాట్లను తానే తొడిగికొనినది.

మఱుసటి యేడు హైమవతి తన మేనత్త యింటి కుళాయి పనిమీద తానెన్నడును చూడని యొక పట్టణపు కార్యాలయమునకు పోయినది. అచ్చటి పడుచుగుమాస్తా చకచక మీటలు నొక్కి పని ముగింపగా హైమవతి ఉండబట్టలేక "ఇది యెచ్చటిదయ్యా, చక్కగ నున్నది!" అని యడిగెను.

"ఇది మాదేనమ్మా!" అని యతడు కాలరు సవరించుకొనెను. "మా యాఫీసులోనే పుట్టినది. మా పద్ధతులన్నియు దీనికి కరతలామలకము. ఇట్టిది ఇంకెచ్చటను లేదు."

ముక్కుమీది కోపము ముక్కుమీదనే నిలిచిపోయినది. నోరు తెఱచిన హైమవతి నోరు మూసికొని, ఆపుకొనలేక నవ్వి, కొంగుతో కన్నులు తుడుచుకొనెను. కన్నవారి పేరు మఱచి వాడువారు తమదని గర్వించునంతగా పరులయింట కలిసిపోవుటకంటె చేతిపనికి వేఱొక సత్కారము లేదు. అట్టి సత్కారమును ఎదురుగ నిలిచి అందుకొను భాగ్యము ఏ కొందఱికో గాని కలుగదు.

ఆమె నవ్వు చూచి చిన్నబోయిన గుమాస్తా "నమ్మరా యేమి? మీది ఏ యూరమ్మా?" అనెను.

"సిరివరము బాబూ."

"అయ్యో పాపము! మీ కమిషనరుగారిని అడిగి మీరును ఇట్టిదొకటి పెట్టించుకొనుడు. సిగ్గుపడకుడు, కావలసినచో మేము నేర్పెదము" అని యతడు జాలితో పలికెను.

"తప్పక అడిగెద నయ్యా" అని హైమవతి చేతులు జోడించి సెలవు తీసికొనెను.