పందేనికి ముందు పరుగు

పళ్ళ డాక్టరమ్మకు పరుగు పందేల మీద మోజేమీ లేదు. ఆమెకు కంటి మీద కునుకు లేకుండా చేసింది పక్క గదిలోని కళ్ళ డాక్టరమ్మ. నిరుడు ఆసుపత్రి ఆటల పోటీల్లో పరుగు పందెం గెలిచి తెచ్చుకున్న కప్పును ఆవిడ గోడ అరలో పెట్టి, అక్షరాల బోర్డు బదులు దాని మీది పేరే రోగుల చేత చదివిస్తోందని నర్సులు చెప్పుకునేవారు. ఈసారి ఎలాగైనా ఆవిడను వెనక్కి నెట్టాలని పళ్ళ డాక్టరమ్మ పంతం పట్టింది.

జిమ్ము నడిపే మరిది ఆ మాట విని ఎగిరి గంతేశాడు. కసరత్తుకు ముందు హుషారు కోసం తాగే పొడి డబ్బా ఒకటి తెచ్చిచ్చి, పందేనికి కాస్త ముందు ఒక్క చెంచాడు నీళ్ళలో కలుపుకుని తాగమన్నాడు. తర్వాత ఒళ్ళు వేడెక్కేలా కాసేపు మెల్లగా పరిగెత్తమన్నాడు. కాసేపంటే ఎంతసేపని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.

పందెం రోజున మైదానంలో చెంచా మీద కుప్ప పోసి మరీ నీళ్ళ సీసాలో కలుపుకుని తాగేసింది. తాగాక తెలిసింది, ముఖ్య అతిథి ఇంకా ఇంటి దగ్గర బయల్దేరనే లేదని. ఆయన రానిదే పందెం లేదు. ఈలోగా పొడి తన పని మొదలుపెట్టింది. ముందు పెదాలు జివ్వుమన్నాయి, తర్వాత బుగ్గలు, ఆపైన చెవులు. ఎన్నో నోళ్ళకు మత్తు సూది పొడిచిన మనిషికి తన మూతి తనది కాకుండా పోవడం ఇదే మొదటిసారి. కంగారుగా మరిదికి ఫోను చేసింది.

"ఏమయ్యా, మూతంతా చీమలు పాకుతున్నట్టుంది."

"అంటే పనిచేస్తోందన్నమాట వదినా. భయపడకు, ఒక్కచోట కూర్చోకుండా కదులుతూ ఉండు."

కూర్చోమన్నా కూర్చునేలా లేదామె. గుండె మద్దెల వాయిస్తోంది. మైదానం చుట్టూ పరుగు అందుకుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఎగిరింది. అది చూసి కళ్ళ డాక్టరమ్మకు గుబులు పుట్టింది. ఇందులో ఏదో కిటుకుందనుకుని తనూ వెనకాలే పడింది. ఈమె ఆగదు, ఆవిడ వదలదు. మిగతావాళ్ళు నీడన కబుర్లాడుకుంటూ కూర్చుని, అతిథి కారు గేటు దాటాక లేచి, కాళ్ళూ చేతులూ విదిలించుకుని గీత దగ్గరికి వచ్చారు.

విజిల్ మోగింది. అందరూ దూసుకుపోయారు. పళ్ళ డాక్టరమ్మ మనసు వాళ్ళకంటే ముందే ఉరికింది గానీ కాళ్ళు మొరాయించాయి. కళ్ళ డాక్టరమ్మదీ అదే అవస్థ. గెలిచినవాళ్ళు కప్పులు పుచ్చుకుని ఫోటోలు దిగుతుంటే, వీళ్ళిద్దరూ అప్పుడే చివరి గీత దగ్గరికి ఈడ్చుకుంటూ వచ్చారు.

"ఇందాక ఆ సీసాలో ఏం తాగారండీ?" అంది కళ్ళ డాక్టరమ్మ రొప్పుతూ.

చెబుదామని ఈమె నోరు తెరిచింది. పెదాలు మాట వినక, "ఫొడి" అని వచ్చింది. కళ్ళ డాక్టరమ్మ నవ్వాపుకోలేక ఉన్నచోటే కూలబడింది. దొరికిందే సందని ఈమె గీత దాటేసింది.

ఇంటికి వెళ్ళి, కళ్ళ డాక్టరమ్మను ఓడించానని మాత్రం చెప్పింది. ఎన్నో స్థానమన్న సంగతి ఎత్తలేదు. మర్నాడు ఆసుపత్రి మెట్లు ఇద్దరూ ఒకే కమ్మీ పట్టుకుని, మెట్టుకో మూలుగు మూలుగుతూ ఎక్కారు. సగం ఎక్కాక కళ్ళ డాక్టరమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఆ పొడి ఎక్కడ దొరుకుతుందో అడిగింది.