ఆకు కషాయమూ ఆరో నంబరు బస్సూ

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. అన్నవాళ్లెవరో గాని, ఆరో నంబరు బస్సు డ్రైవర్‌ని ఒక్కసారి అడిగి ఉండాల్సింది. వాళ్ల పెరట్లోని డాండిలయన్ మొక్క అక్కర్లేనంతగా పనిచేసింది.

గోడవారన, రాళ్ల సందున, ఎక్కడ పడితే అక్కడ మొలిచి పసుపుపచ్చగా పూసే ఆ మొక్కని అందరూ కలుపని పీకేస్తారు. డ్రైవర్ తల్లి మాత్రం కంటికి రెప్పలా చూసుకునేది. ఒకప్పుడు మందుకోసం వీధి వీధంతా ఆవిడ దగ్గరికే వచ్చేది. పులిపిరికాయకి కాడ తుంచితే కారే పాలు, అరుగుదలకి వేరు, కాళ్లకి నీరు పడితే ఆకు. ఇప్పుడెవరూ రావడం లేదు. మిగిలిన ఒకే ఒక్క రోగి కన్నకొడుకు.

రోజంతా సీట్లో కూర్చుని అతని పాదాలు వాచాయి. ఆవిడ పూత రాకముందే లేతాకు కోసి, ఎండబెట్టి, రోజూ పొద్దున్నే కషాయం కాచి గ్లాసు నిండా ఇచ్చేది. వాపు దిగింది. ఒంట్లో ఉన్న నీరంతా కూడా దిగడం మొదలుపెట్టింది. సగం దారి దాటకముందే అతనికి ముళ్లమీద కూర్చున్నట్టుండేది. పెట్రోలు బంకు కనిపిస్తే చాలు, బస్సాపి పరుగో పరుగు.

"మన బస్సు డీజిలుతో కాదు, కషాయంతో నడుస్తోంది," అని కండక్టర్ ఒకటే నవ్వు.

డిపో మేనేజర్ నవ్వలేదు. ప్రయాణికులు ఫిర్యాదు చేశారని పిలిచి, దారిలో ఇంకొక్కసారి ఆపితే బస్సు తీసేసుకుని అతన్ని షెడ్డు పనిలో పడేస్తానన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బస్సు తోలడమంటే అతనికి ప్రాణం. అమ్మకేమో ఆ గ్లాసొక్కటే మిగిలిన వైద్యం. వద్దంటే ఆవిడ మనసు చివుక్కుమంటుందని కక్కలేక మింగలేక తిరిగాడు. చివరికి సెలవురోజు పొద్దున్న, గ్లాసు ముందర పెట్టుకుని నోరు విప్పాడు.

"అమ్మా, కోప్పడకు. ఇది మానేస్తానే. డ్రైవర్ ఉద్యోగం పోయేలా ఉంది."

జరిగిందంతా చెప్పాడు. బంకు దగ్గరి పరుగుల మాటకి ఆవిడ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మానెయ్యరా పిచ్చోడా. నీ వాపు ఎప్పుడో తగ్గిందిగా."

"మరింకా ఎందుకిస్తున్నావు? పోనీ వేరు వేయించి ఇవ్వొచ్చుగా, అది కాఫీలా బాగుంటుంది."

ఆవిడ నవ్వు మానేసింది.

"బాగుంటుందనే ఇవ్వలేదు. గటగటా తాగేసి పోతావు. ఇదైతే చేదు. ఊదుకుంటూ, మొహం చిట్లించుకుంటూ, నన్ను తిట్టుకుంటూ తాగుతావు. ఆ కాసేపైనా నా ఎదురుగా కూర్చుంటావని."

డ్రైవర్‌కి సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆ చేదు మింగి అమ్మని ఉద్ధరిస్తున్నానని లోలోపల మురిసిపోయిన మనిషి మరి.

"ఆ వేరు వేయించమ్మా," అన్నాడు గ్లాసు పక్కకి జరిపి. "ఇద్దరికీ కాచు. నేను చల్లారాకే తాగుతాను."