ఇర్మా సాలొ రాయని పుట్టినరోజు

ఆగస్టులో మా రౌమా ఊరి పాతపేట బడికి కొత్త టీచరు వస్తే, మిగతావాళ్ళు మొదట చెప్పేది మెర్వి గురించే. ఒకటో తరగతి పిల్లలు కోట్లు తగిలించే చోట మూడో కొక్కెం ఆ పిల్లది. కిటికీ పక్క బల్ల ఆ పిల్లది. గురువారం బడి భోజనంలో ఆ పిల్ల బఠాణీ సూప్‌లో ఆవాల ముద్ద వెయ్యకూడదు, అడగకపోయినా పాన్‌కేక్ రెండోది వెయ్యాలి. కొత్త టీచరు ఇవన్నీ బుద్ధిగా రాసుకునేది. మెర్వి వయసెంత అని మాత్రం అడిగేది కాదు. ఒకటో తరగతి పిల్లకి ఏడేళ్ళు కాక ఎన్నుంటాయి? ముప్పై నాలుగేళ్ళ పాటు ఏడేళ్ళే.

మెర్వి వాళ్ళమ్మ ఇర్మా సాలొ. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఆవిడ పుస్తకం ఒకటైనా ఉంటుంది. పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి వచ్చినప్పుడు మంత్రి స్వయంగా చెయ్యి కలిపాడు. గ్రంథాలయం గోడ మీద ఆవిడ పేరు రాగి రేకు మీద చెక్కి పెట్టాం. పుస్తకాలన్నీ ఒకే అమ్మాయి కథ: మెర్వి అనే పిల్ల, ఒకటో తరగతి, ఆగస్టు నుంచి మే దాకా.

మొదటి పుస్తకం బహుమతి కోసం రాసింది కాదు. అప్పట్లో ఇర్మా కాగితం మిల్లు ఆఫీసులో టైపిస్టు. మెర్వి బడిలో చేరిన ఏడాది చలికాలంలో పిల్లకి ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. పెద్దాసుపత్రిలో రక్తపు కాన్సర్ అన్నారు. జూన్‌లో వచ్చే ఎనిమిదో పుట్టినరోజు చూడదన్నారు. ఇర్మా మంచం పక్కన కూర్చుని, మిల్లు పనికిరావని పక్కన పడేసిన కాగితాల మీద, కూతురు వెళ్ళలేకపోతున్న బడి కథ రాసి వినిపించింది. మే నెలాఖరున పిల్లలంతా వేసవి కీర్తన పాడి బయటికి పరిగెత్తడంతో కథ ముగించింది. ఆ తరవాత పుట్టినరోజు రాద్దామంటే చెయ్యి ఆడలేదు. వదిలేసింది.

ఆ కథ పుస్తకంగా అచ్చయిన వారానికి మెర్వి లేచి కూర్చుంది. జూన్ వచ్చింది, పోయింది, మెర్వికి ఎనిమిదేళ్ళు రాలేదు. ఆగస్టులో పాత చెప్పులే సరిపోయాయి, బడి జాబితాలో పేరు మళ్ళీ ఒకటో తరగతిలోనే ఉంది. "పిల్ల బతికింది, అది చాలు," అనుకుని మా వాళ్ళంతా కాఫీ పోసుకున్నారు. అప్పట్నించీ ఇర్మా ఏటా ఒక కొత్త పుస్తకం రాసింది, ప్రతిదీ మే నెలాఖరుతోనే ఆపింది. ఆరో ఏడు ఊపిరితిత్తుల జ్వరంతో పడుకుని ఆ ఏటి పుస్తకం ఆలస్యం చేసింది. ఈస్టర్ నాటికి మెర్వి దిండు మీద మళ్ళీ రక్తపు మరకలు. ఇర్మా దగ్గుతూనే పదకొండు రోజుల్లో పుస్తకం పూర్తి చేసింది. తరవాత ఒక్క ఏడూ తప్పలేదు.

ఇర్మా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. అందుకని సాఫు ప్రతి రాసే పని మెర్విది. ఏటా అక్షరాలు కొత్తగా దిద్దుతూ వచ్చిన పిల్ల కదా, దేశంలో అంత చక్కటి ఒకటో తరగతి దస్తూరీ ఇంకోటి లేదు. మొదట్లో ఇర్మా పక్కన కూర్చుని సరిచూసేది. తరవాత తరవాత చూడకుండానే కవరు అంటించేసేది.

ఆ మొదటి ఏడు మెర్వి పక్కన కూర్చున్న పిల్ల హన్నెలె. హన్నెలె మెట్లెక్కి మేడ మీది రెండో తరగతికి వెళ్ళింది, పెద్దదైంది, పెళ్ళి చేసుకుంది, విడాకులు తీసుకుంది, చివరికి అదే ఒకటో తరగతికి టీచరుగా వచ్చింది. ఒక మే నెలాఖరున, పిల్లలంతా వెళ్ళిపోయాక, ఖాళీ కొక్కేల కింద మెర్వి ఏడుస్తూ కనిపించింది. హన్నెలె పక్కన నేల మీదే చతికిలబడింది.

"ఈసారి ఎవరి కోసం?"

"అందరి కోసం. నువ్వూ ఇలాగే పోయావు. వెనక్కి కూడా చూళ్ళేదు."

"మళ్ళీ వచ్చాగా."

"టీచర్‌గా వచ్చావు. అది రావడం కాదు." మెర్వి చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంది. "నాకింక కూడికలు చెప్పకు హన్నెలె. ముప్పై మూడుసార్లు నేర్చుకున్నాను. నాకు మేడ మీదికెళ్ళాలనుంది."

ఆ సాయంత్రమే హన్నెలె ఇర్మా ఇంటికి వెళ్ళింది. ఇర్మా కాఫీ ఇచ్చింది, ఏలకుల బన్ను పెట్టింది. డెబ్బై దాటిన మనిషి, కప్పు రెండు చేతులా పట్టుకుంటోంది.

"ఇర్మా ఆంటీ, పెద్దాసుపత్రి డాక్టర్ లైనె ఏమంటున్నాడు? ఇప్పుడు మందులొచ్చాయిగా?"

"వచ్చాయి. ఆ జబ్బొచ్చిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది బతుకుతున్నారట."

"మరింకేం?"

"తొమ్మిది పది కాదు."

"పది ఎప్పటికీ అవదు ఆంటీ. మీ తరవాత ఎవరు రాస్తారు?"

ఇర్మా బల్ల మీది చక్కెర పలుకులు వేలితో ఒకచోటికి చేర్చింది. "నీకేం, ఎన్నయినా చెప్తావు. నీకు పిల్లల్లేరు."

హన్నెలె కప్పు అక్కడే పెట్టి కోటు వేసుకుంది. ఆ మాట అన్నందుకు ఇర్మా సిగ్గుపడింది, కానీ వెనక్కి పిలవలేదు. భయం మనిషిని అంత మొండిదాన్ని చేస్తుంది. మేమూ తక్కువ తినలేదు. గ్రంథాలయం గోడ కేసి గర్వంగా చూసుకున్నాం తప్ప, ఆ పిల్లకేం కావాలో ఒక్కరం అడగలేదు.

మరుసటి మార్చిలో, సాఫు ప్రతి పంపిన పది రోజులకి, హెల్సింకీ నుంచి సంపాదకుడు వెసా ఫోన్ చేశాడు. ఉదయం వేళ. మెర్వి ఎదురుగా కూర్చుని రై రొట్టె మీద వెన్న రాసుకుంటోంది.

"ఇన్నేళ్ళలో ఇంత మంచి అధ్యాయం మీరు రాయలేదు ఇర్మా," అన్నాడు వెసా. "ఆ ఆఖరిది."

"ఏ ఆఖరిది?"

"అదే, పుట్టినరోజుది."

ఇర్మా మెర్వి వైపు చూసింది. మెర్వి తలెత్తలేదు.

"కళ్ళజోడు కనపడ్డంలేదు. కాస్త చదివి వినిపించు," అంది ఇర్మా. వెసా చదివాడు.

"'జూన్ మూడో తారీఖున వాన పడింది. స్ట్రాబెర్రీలు ఇంకా పుల్లగా ఉన్నాయి. అయినా అమ్మ కేకు చేసింది. మెర్వికి ఎనిమిదేళ్ళు వచ్చాయి. చెప్పులు కరిచాయి. కొత్తవి కొనాలి అంది అమ్మ.' అంతే. ఏమైనా మార్చాలా?"

ఇర్మా ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది నువ్వు రాశావా?"

"ఇన్నేళ్ళూ అక్షరాలన్నీ నావేగా."

"ఇది అచ్చయితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. డాక్టరు నీకు చెప్పిన ప్రతిసారీ అక్కడే ఉన్నాను. చేతికో బొమ్మ ఇస్తే పిల్లలకి వినపడదనుకుంటారు మీరు."

"ఆ పదోదానివి నువ్వే అయితే?"

"అయితే అవుతాను." మెర్వి కత్తి కింద పెట్టింది. "నువ్వు పోయాక ఎలాగూ అవుతాను కదమ్మా. అప్పుడు నా పక్కన ఎవరుంటారు? ఇప్పుడైతే నువ్వుంటావు."

ఫోన్ తెగిపోయిందనుకుని అవతల వెసా రెండుసార్లు హలో అన్నాడు. ఇర్మా చెయ్యి తీసింది.

"ఏమీ మార్చకు," అంది.

పుస్తకం మే నెలలో వచ్చింది. జూన్ మూడున వాన పడింది, కేకు మీద ఎనిమిది కొవ్వొత్తులు వెలిగాయి, ఇర్మా కొత్త చెప్పులు కొంది. ఆగస్టులో మెర్వి మేడ మీది తరగతికి వెళ్ళింది. గుణకారాలు తనకి రావడంలేదని ఇంటికొచ్చి గొప్పగా చెప్పింది. రెండు సెంటీమీటర్లు పొడుగైంది. సెప్టెంబరు చివర ముక్కులోంచి రక్తం వచ్చింది, ఇర్మా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. నవంబరులో ఆ పుస్తకానికి మళ్ళీ బహుమతి ప్రకటించారు. ఇర్మా వెళ్ళలేదు, ఆసుపత్రిలో కూర్చుని ఊడిపోతున్న మెర్వి జుట్టుని దిండు మీంచి ఏరుతోంది. మందు పట్టలేదు. ఫిబ్రవరిలో, పగటిపూట, అమ్మ చెయ్యి పట్టుకుని మెర్వి చచ్చిపోయింది.

"పదేళ్ళ కిందటే తీసుకొచ్చి ఉంటే?" అని ఇర్మా డాక్టర్ లైనెని అడిగింది.

ఆయన చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టాడు. "ఇన్నేళ్ళు వయసు ఆగిపోయిన రక్తం ఇంతవరకూ ఎవరూ చూడలేదు ఇర్మా. నాకు తెలీదు," అన్నాడు. మంచివాడు, అబద్ధం చెప్పి ఓదార్చలేదు. ఆ ప్రశ్న ఇర్మాకే మిగిలిపోయింది.

శవపేటిక దగ్గరికి ఒక్కొక్కరే వెళ్ళి పువ్వులు పెట్టడం, వాటికి కట్టిన చీటీ పైకి చదవడం మా పద్ధతి. ఆ రోజు రాతి చర్చిలో వరస గుమ్మం దాటి మంచులోకి సాగింది. అందరికంటే ముందు హన్నెలె, నలభై ఒక్కేళ్ళది. ఆమె వెనక తరవాతి ముప్పై మూడు తరగతుల్లో మెర్వి బల్ల పంచుకున్నవాళ్ళు, ఏడాదికొకరు, చివర మొన్నటిదాకా పక్కన కూర్చున్న పిల్ల. ఆ తరవాత రెండో తరగతి మొత్తం. అందరి చీటీల్లోనూ ఒకటే మాట: నా పక్కన కూర్చున్న మెర్వికి.

మొదలుపెట్టే ముందు పాస్టర్ ఇర్మా దగ్గరికొచ్చి వంగాడు. "రిజిస్టర్‌లో నలభై ఒకటి ఉంది. ఊళ్ళో అందరూ ఏడంటున్నారు. వయసెంతని చదవమంటారు?"

"ఎనిమిదేళ్ళ ఎనిమిది నెలలు," అంది ఇర్మా. "నెలలు వదిలెయ్యకండి. మిగతాదంతా నేను రాసింది, అవి మాత్రం అది రాసుకుంది."