తొమ్మిదో గుంట దాటాక

ఆదివారం పొద్దున తబితా తన భర్త ఎడ్విన్ టీషర్టు కాలర్‌ని మూడోసారి ఇస్త్రీ చేస్తోంది.

“కాలర్ నిలబడాల తబితా. గేటుకాడే సూస్తారట. కాలర్ లేకపోతే లోపలికి పంపరట,” అన్నాడు ఎడ్విన్ అద్దం ముందు నిలబడి.

వెనక పొయ్యి మీద మటన్ కుక్కర్ కూత పెడుతోంది. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో మటన్ లేకపోతే లోకం ఆగిపోతుంది. అందుకే ఆవిడ చీకటితో లేచి ఉల్లిపాయలు తరిగింది. అత్తగారికి రాగిజావ కాచింది. కొడుకు బ్లెస్సన్ లేచాక తినడానికి ఇడ్లీలు వేసి మూతపెట్టింది. తను వేసుకోవలసిన చొక్కా మాత్రం కుర్చీ వీపు మీద ముడతలు పడి వేలాడుతోంది. సమయం మిగిలితే దాని పని చూడొచ్చు అనుకుంది. సమయం మిగలదని ఆవిడకి తెలుసు.

అసలు గోల్ఫ్ క్లబ్బుకి పిలుపు వచ్చింది తబితాకి. ఆవిడ పనిచేసే షిప్పింగ్ కంపెనీలో సమీర డైరెక్టరు. హైదరాబాదు మనిషి. కలకత్తాలో తెలుగు మాట్లాడడానికి మనిషి దొరికిందని మొదట్లో దగ్గరైంది. తర్వాత తబితా పని చూసి మరీ దగ్గరైంది. శనివారాల్లో న్యూ టౌన్‌లో గోల్ఫ్ నేర్పే మైదానానికి తనతోపాటు తీసుకెళ్ళి, తన పాత కర్రలిచ్చి, బంతి కొట్టడం నేర్పింది. రెండో వారం నుంచి ఎడ్విన్ కూడా వచ్చాడు. మూడో వారానికి కొత్త కర్రలు, కొత్త బూట్లు, ఎడమచేతికి తెల్లటి గ్లవ్ కొనుక్కున్నాడు. తబితా ఇప్పటికీ ఆ పాత కర్రలతోనే కొడుతుంది.

“ఈ ఆదివారం మా క్లబ్బుకి గెస్టుగా రా. పద్దెనిమిది గుంటలూ ఆడదాం. మీ ఆయన్ని కూడా తోలుకురా,” అంది సమీర. చివరి మాట మర్యాద కోసం అన్నది. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి ఆ మాటే మొదటిదైంది. “నన్ను క్లబ్బుకి పిలిచార్రా. తబితా కూడా వస్తాది,” అని ఎడ్విన్ ఖిదిర్‌పూర్‌లో ఉన్న స్నేహితులందరికీ ఫోన్లు చేశాడు.

అత్తగారు రేబెకమ్మ మాత్రం కోడలినే నిలదీసింది. “ఒలే తబితా, ఆరాధన మానేసి బంతులాటేటే?”

“ఒక్క వారానికి దేవుడేటీ అనుకోడులే అమ్మా,” అన్నాడు ఎడ్విన్. అప్పట్లో తబితా ఆఫీసు శిక్షణ కోసం చెన్నై వెళ్ళవలసి వచ్చి ఆదివారం గుడి మానేస్తే, దేవుడి భయంలేని ఆడది ఇల్లు నిలబెట్టదని ఈ ఎడ్విన్ నోరే అంది. దేవుడు కూడా మనిషిని బట్టి మారతాడు కాబోలు అనుకుంది. అనుకుని, తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటున్న ఎడ్విన్‌కి రుమాలు అందించింది.

ఆ కాలర్ ఎందుకంత నిలబడాలో ఆవిడకి తెలుసు. ఎడ్విన్ తండ్రి ఖిదిర్‌పూర్ డాక్‌లో మూటలు మోసిన మనిషి. ఒకసారి ఇదే క్లబ్బుకి బల్లలు దింపడానికి వెళ్తే, వెనక గేటు దగ్గరే దింపించుకుని పంపేశారని బతికున్నన్నాళ్ళూ చెప్పుకునేవాడు. అందుకే తబితా మూడోసారి కూడా విసుక్కోకుండా ఇస్త్రీ చేసింది. తన తండ్రి జయరాజు కూడా ఆ డాక్‌లోనే క్రేన్ నడిపాడు. ముందు గేటులోంచి లోపలికి వెళ్తుంటే నీకెలా ఉందని మాత్రం ఆవిడని ఎవరూ అడగలేదు.

టాలీగంజ్ దాటాక ఎత్తయిన గోడ, గోడ వెనక అంత పచ్చదనం. ఈ ఊళ్ళో మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు బతుకుతుంటే, ఇంత నేల ఖాళీగా పడుకుని మంచు కప్పుకుని ఉందా అని తబితాకి ఆశ్చర్యం వేసింది. సమీర రిజిస్టరులో ఇద్దరి పేర్లూ రాయించింది. ఆడేవాళ్ళ కర్రలు మోసే క్యాడీ, బాదల్ దా అనే నడివయసు మనిషి, ఇద్దరి సంచులూ భుజానికెత్తుకున్నాడు. తబితా చేతిసంచిలో ఎడ్విన్ ఫోను, పర్సు, కారు తాళం, నీళ్ళసీసా, ఎండెక్కితే పెట్టుకోడానికి టోపీ ఉన్నాయి. కొత్త ప్యాంటు జేబులు ఉబ్బితే బాగోదట.

మొదటి దెబ్బ తబితా బాగానే కొట్టింది. బంతి తిన్నగా వెళ్ళి తడిగడ్డి మీద పడింది. సమీర చప్పట్లు కొట్టింది. ఎడ్విన్ దగ్గరికొచ్చి మెల్లగా, “తల ముందే ఎత్తీసినావు. అదృష్టం కొద్దీ ఎల్లింది,” అన్నాడు. రెండో గుంట దగ్గర మోచెయ్యి గురించి చెప్పాడు. మూడోదాని దగ్గర మోకాళ్ళ గురించి. నాలుగోదానికి వచ్చేసరికి బంతి కంటే ముందు ఆవిడకి ఆ గొంతే వినిపించడం మొదలైంది. పెళ్ళయిన కొత్తలో పప్పులో పోపు గురించి, తర్వాత పిల్లాడిని ఎత్తుకునే తీరు గురించి, నిన్నగాక మొన్న కారు వెనక్కి తీయడం గురించి చెప్పిన గొంతే అది. ఎప్పుడూ కోప్పడదు. అరవదు. మంచికే చెబుతుంది. దాన్ని ఎదిరించాలన్నా పట్టు దొరకదు.

అయిదో గుంట దగ్గర తబితా ఫోను మోగింది. బ్లెస్సన్. “అమ్మా, నానమ్మకి ఇంజెక్షన్ మందు ఎక్కడుంది?”

“ఫ్రిజ్ తలుపులో నాన్నా.”

“ఫ్రిజ్ తలుపులో ఎక్కడ?”

ఆ పిల్లాడికి ఇరవై ఏళ్ళు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఆ ఫ్రిజ్ తలుపు రోజుకెన్నిసార్లు తీస్తాడో లెక్కలేదు. తబితా చెట్టు చాటుకి వెళ్ళి, గొంతు తగ్గించి, పై అర, ఎడమపక్క, గుడ్ల వెనక అని చెప్పింది. తిరిగి వచ్చేసరికి వెనకనుంచి ఇంకో జట్టు వచ్చి నిలబడి ఉంది. “నీవల్ల అందరూ ఆగిపోతన్నారు. ఇక్కడ ఫోన్లెత్తకూడదు,” అన్నాడు ఎడ్విన్. ఆవిడ తన బంతిని చేత్తో తీసి జేబులో వేసుకుని నడిచింది. ఆ గుంట ఆవిడ ఆడనే లేదు.

ఏడోదాని దగ్గర ఎడ్విన్ కొట్టిన బంతి వంకరగా వెళ్ళి కుడిపక్క చెట్లలో పడింది. బాదల్ దా సంచులు దింపి అటు నడవబోయాడు.

“నువ్వుండు దాదా. మా ఇంట్లో ఏది పోయినా ఈవిడే వెతికి పెడుతుంది,” అన్నాడు ఎడ్విన్ నవ్వుతూ, హిందీలో.

బాదల్ దా నవ్వలేదు. తబితా వెళ్ళింది. తన బంతి నున్నటి గడ్డి మీద, మంచి చోట, తనకోసం ఎదురుచూస్తూ పడి ఉంది. దాన్ని దాటుకుని చెట్లలోకి వెళ్ళింది.

అక్కడ గడ్డి మోకాలిదాకా ఉంది. పాదాలు తడిసిపోయాయి. కొంచెం దూరంలో నీటిగుంట ఒడ్డున ఒక నక్క నిలబడి ఆవిడని చూసింది. తొందరేమీ లేకుండా చూసి, తన పని మీద తాను వెళ్ళిపోయింది. తబితాకి ఆ క్షణంలో ఆ తడిగడ్డి మీదే పడుకుండిపోవాలనిపించింది. ఎంత అలసటో ఆవిడకి ఇంతవరకు తెలియలేదు. నిద్రపోతే పోయే అలసట కాదది. ఎడ్విన్ కళ్ళజోడు, మామగారు బతికున్నప్పుడు ఆయన పళ్ళసెట్టు, పిల్లాడి హాల్ టికెట్టు, అత్తగారి బైబిలు, ఆధార్ కార్డులు, గొడుగులు. ఎవరి వస్తువు ఎక్కడుందో అంతా ఆవిడ తలలో ఉంది. ఆఫీసులో ఏ ఓడ ఎప్పుడు రేవుకి వస్తుందో, ఏ కంటైనరు ఎక్కడ ఆగిందో అదీ అదే తలలో ఉంది. ఆ రెండోదానికి జీతం ఇస్తారు, మెచ్చుకుంటారు. మొదటిదానికి, అది పని అన్న సంగతే ఎవరికీ తెలియదు.

బంతి కనబడింది. మోదుగ చెట్టు మొదట్లో, ఎండుటాకుల మధ్య. ఆవిడ వంగబోయింది. అప్పుడే మైదానం మీంచి సమీర గొంతు వినిపించింది.

“ఎడ్విన్ గారూ, తబితా మీకు చెప్పే ఉంటది. హల్దియా ఆఫీసుకి హెడ్‌గా తననే అనుకుంటున్నం. వారమంతా అక్కడే ఉండాలె, శని ఆదివారాలు ఇంటికి రావచ్చు. మీరేమంటరు?”

శుక్రవారం సమీర ఈ మాట చెప్పి ఆలోచించమంది. తబితా ఇంట్లో చెప్పలేదు. ఎవరికీ ఏమీ అవసరం లేని ఒక్క క్షణం దొరికితే చెబుదామనుకుంది. దొరకలేదు.

“తనకి అలాటివి పడవు మేడమ్,” అన్నాడు ఎడ్విన్. గొంతులో ప్రేమే ఉంది. “తను ఇంటి మనిషి. తను పక్కన లేకపోతే మా అమ్మ అన్నం కూడా తినదు. వద్దంటాది. నాకు తెల్సు కదా తన సంగతి.”

“అవునా. సరే, మరి వేరేవాళ్ళని చూస్తం,” అంది సమీర.

వంగినది వంగినట్టే ఆగిపోయింది తబితా. భర్త చెప్పిన జవాబు కంటే, ఆ ప్రశ్న భర్తని అడగడం ఎక్కువ గుచ్చుకుంది. ఇన్నాళ్ళు తన పని చూసిన మనిషి కూడా, తన గురించి అడగాల్సి వస్తే ఆయన్నే అడిగింది.

ఆవిడ నిటారుగా నిలబడి, చేతులు దులుపుకుని బయటికి వచ్చింది.

“దొరికిందా?” అన్నాడు ఎడ్విన్.

“కనబడింది. మోదుగ చెట్టు కింద ఉంది. ఎల్లి తెచ్చుకోండి.”

ఆయన నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానేసి, చెట్లలోకి వెళ్ళాడు. ఆవిడ తన బంతి దగ్గరికి నడిచింది.

తొమ్మిదో గుంట దగ్గర ఎడ్విన్ బంతులు రెండు నీళ్ళలో పడ్డాయి. ముఖం మాడిపోయింది. అంతలో ఇంటినుంచి మళ్ళీ ఫోను. రేబెకమ్మ ఆకలంటోంది, అన్నం ఎవరు వండుతారని అడుగుతోంది. ఎడ్విన్ గ్లవ్ తీసేస్తూ, “ఇక సాలు, పద ఎల్దాం. అమ్మ ఆకలితో ఉంది,” అన్నాడు.

“మీరు ఎల్లండి. నాకింకా తొమ్మిది ఉన్నాయి.”

“ఏటీ?”

“నన్ను పద్దెనిమిదీ ఆడమని పిలిచారు. ఆడతాను.”

“అన్నమో?”

“బియ్యం డబ్బాలో ఉన్నాయి. కూర వండే ఉంది. కుక్కర్ కడిగే ఉంది.” ఆవిడ గొంతు ఎత్తలేదు. సంచిలోంచి ఫోను, పర్సు, తాళం, సీసా, టోపీ ఒకటొకటిగా తీసి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన రెండు చేతులూ నిండిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంచెంసేపు అలాగే నిలబడ్డాడు. ఆ నిలబడడం చూస్తే ఆవిడకి జాలేసింది. జాలి వేసినా చేతులు చాచలేదు.

“ఇంటికి రా. మాటాడదాం,” అన్నాడు చివరికి.

“మాటాడదాం,” అంది తబితా.

పదో గుంట దగ్గర ఆవిడ కొట్టిన బంతి నాలుగడుగులు దొర్లి ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. బాదల్ దా వేరే కర్ర తీసి ఇచ్చాడు. ఆవిడ మళ్ళీ కొట్టింది. అదీ గొప్పగా వెళ్ళలేదు. అయినా ఆ తప్పు మొత్తం తనదే కావడం ఆవిడకి హాయిగా ఉంది.

బంతుల వైపు నడుస్తుంటే సమీర అడిగింది. “ఆయనకి కోపమొచ్చిందా?”

“వచ్చింది మేడమ్.”

“హల్దియా సంగతి ఆయనతో అన్న. నీకు ఇష్టముండదన్నడు.”

“విన్నాను. ఆ మాట నన్నడగండి మేడమ్.”

సమీర నడక ఆపింది. ఆవిడ ముఖంలో మొదట తడబాటు, తర్వాత సిగ్గు కనబడ్డాయి. “నిజమే. నాదే తప్పు,” అంది మెల్లగా. తర్వాత తబితా కళ్ళలోకి చూసి అడిగింది. “పోతవా తబితా, హల్దియాకి?”

“వెళ్తాను.”

“ఒకటి ముందే చెప్తున్న. మస్తు పనుంటది అక్కడ. పొద్దున పోతే రాత్రికి గాని తెమలదు. ఒక్కదానివే అన్నీ చూసుకోవాలె. అలసిపోతవ్.”

తబితాకి నవ్వొచ్చింది. ఆ రోజు మొత్తంలో మొదటిసారి.

“అక్కడ నాకు ఒక్క ఉద్యోగమే కదా మేడమ్.”