పుట్టింటి ముద్ద

ఆకలి రుచెరగదంటారు. ఆ మాట అన్న మహానుభావుడెవరో గానీ, సొంత ఊళ్లో కూర్చుని అని ఉంటాడు. మూలపేట పోర్టులో క్రేను నడపడానికి అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఓబులేసుకి ఆకలి వేసిన ప్రతిసారీ ముందు రుచే గుర్తొచ్చేది. రాగిసంగటి, నంజుకోవడానికి ఊరిబిండి, అంటే చెనిక్కాయల పచ్చడి. అంతకు మించి అతను దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

టెక్కలిలో మెస్సులన్నీ తిరిగాడు. జీడిపప్పు కొనాలని వంక పెట్టి పలాస బస్సెక్కి, కాశీబుగ్గ దాకా హోటళ్లు వెతికాడు. వెళ్లిన చోటల్లా అన్నం పెట్టారు, చేపల పులుసు పోశారు, మర్యాదకేమీ లోటు చేయలేదు. సంగటి మాత్రం లేదు. సొంతంగా వండుకుందామంటే చేతకాదు. సంగటి గెలకడం రాని సీమవాడు ఉంటాడా అంటే ఉంటాడు, తల్లీ పెళ్లామూ పోటీపడి గారాబం చేస్తే. పనిచోట ఒడియావాళ్లు ఒక గుంపుగా, బిహారువాళ్లు ఒక గుంపుగా కూర్చుని తినేవారు. ఓబులేసు గుంపులో ఓబులేసు ఒక్కడే. ఒంటరితనమంటే ఏమిటో అతనికి నలభై దాటాక, అన్నం పళ్లెం ముందు తెలిసింది.

అతను అద్దెకున్న గది కూర్మనాథం అనే రైతుది. వెనక కొబ్బరితోట, ముందు పెంకుటిల్లు, ఆ ఇంట్లో ముసలాయన ఒక్కడే. పిల్లల్లేరు, భార్య పోయి కొన్నేళ్లయింది. మోటారు గురించీ నీళ్ల గురించీ తప్ప ఇద్దరికీ మాటలుండేవి కావు. అలాంటిది ఒక సాయంత్రం ముసలాయన వచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబూ, నీది అనంతపురం యేపే గదేటి?"

"అవును పెద్దాయనా. ఏమి?"

"మా ఇంటిదీ ఆ యేపు మనిసే. నాగలింగమ్మ. కుర్రతనంలో గుంతకల్లు రైల్వేపనికెల్లి, అక్కడే మనువాడినాను. ఆల్లోల్లకి ఇష్టం నేదు. మల్లీ మా మొకం సూడనేదు. రేపు ఆవిడ సమచ్చరీకం."

ఆ ఇంటికో ఆనవాయితీ ఉంది. పోయిన ఆడమనిషి సంవత్సరీకానికి ఆమె పుట్టింటి తరపు మనిషి పీట మీద కూర్చుని మొదటి ముద్ద తినాలి. తిని, "మా పిల్లకి అందింది" అనాలి. అప్పుడే ఇంట్లోవాళ్లు నోట్లో మెతుకు పెట్టుకోవాలి. నాగలింగమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ పీట ఖాళీగానే ఉంది. ఆ మాట అనేవాడు లేక, ఏటేటా ఆ రోజంతా కూర్మనాథం పస్తే.

"ఆ యేపోడివి, నువ్వు కూకుంటే సాలు. ఆవిడకిష్టమని సంగటి సేత్తాను," అన్నాడు.

ఓబులేసు చెవికెక్కింది ఆ చివరి మాటే. సంగటి పెడతానంటే పీటేం ఖర్మ, కొబ్బరిచెట్టెక్కి కూర్చోమన్నా కూర్చునేలా ఉన్నాడు. "వస్తా పెద్దాయనా," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం తలంటుకుని వెళ్లి కూర్చున్నాడు. ఎదురుగా పూలదండ వేసిన పటంలో నాగలింగమ్మ. ఆ రోజుకని వచ్చిన కూర్మనాథం చెల్లెలు కాసులమ్మ అరిటాకు వేసి నీళ్లు చల్లింది. ముసలాయన తన చేత్తోనే నల్లటి ముద్ద తెచ్చి ఆకులో పెట్టాడు. పక్కన ఊరిబిండి. ఓబులేసుకి కళ్లు చెమర్చాయి. విరిచి, అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

పుల్లగా ఉంది.

ఈ వైపు రాగుల్ని చోళ్లంటారు, చోళ్లంటే అంబలే. పొద్దుగూకగానే పిండి నీళ్లలో నానేసి, పులిసాక మర్నాడు కాస్తారు. ఆ పులిసిన పిండినే ముసలాయన గట్టిగా గెలికి ముద్ద చేశాడు. ఓబులేసు కక్కలేక మింగలేక కాసేపు అవస్థపడి, చివరికి మింగాడు. ఇన్నాళ్లూ ఎదురుచూసింది దీనికోసమా అని చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది. పులవబెట్టకూడదని ముసలాయనకి చెప్పేద్దామనుకున్నాడు.

"ఎవురు నేర్పించినారు పెద్దాయనా?" అని మొదలుపెట్టాడు.

"ఇంకెవులు, ఆవిడే. మాయమ్మ పొద్దుగూకితే పిండి మొత్తం కడవలో నానేసీది, అంబలికి. కొత్తకోడలు గదా, ఏరేగా పిండి అడగనేదు. ఆ కడవలోంచే తీసి గెలుక్కునీది. మీ ఊర్లో ఇలాగే ఉంటాదేటని అడిగితే, అచ్చం ఇలాగే అనీది. బతికినన్నాల్లూ అదే మాట."

ముసలాయన ఓబులేసు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"నిజంగా ఇలాగే ఉంటాదా బాబూ? నాకెప్పుడూ అనుమానవే. మా మనసు కష్టపడతాదని అలాగనీదేమో, లోపల బెంగెట్టుకునీదేమోనని. అడుగుదావంటే ఆ యేపు మనిసి ఒక్కడూ దొరకనేదు."

ఓబులేసు పటం వైపు చూశాడు. ఎవరి మాటా సరిగ్గా అర్థంకాని ఇంట్లో, మొదటిరోజు అత్తగారిని పిండి అడగడానికి మొహమాటపడిన పిల్ల కనిపించింది. ఒకసారి "ఇలాగే" అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోలేక, ముసలితనం దాకా ఆ పుల్లటి ముద్దే తింటూ వచ్చింది. తను వచ్చి ఏడాది కూడా కాలేదు, అప్పుడే తనమీద తను జాలిపడుతున్నాడు. ఈ ఊళ్లో తన బాధ తెలిసిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడేమో పటంలో ఉంది.

"అచ్చం ఇట్లే ఉంటాది పెద్దాయనా," అన్నాడు.

కూర్మనాథం భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలు చాటునుంచే, "అయితే ఇష్టంగానే తిన్నాదన్నమాట," అన్నాడు.

"అనాల్సిన మాట అను బాబూ," అంది కాసులమ్మ. "అన్నియ్య పొద్దుట్నుంచీ మంచినీల్లయినా ముట్టనేదు."

నాగలింగమ్మను ఓబులేసు ఎన్నడూ చూడలేదు. అయినా సొంత అక్క పోయిన కబురు అప్పుడే విన్నవాడిలా ఏడ్చాడు. కాసులమ్మ నీళ్లచెంబు దగ్గరికి జరిపింది. తాగి, కళ్లు తుడుచుకుని, "మా పిల్లకి అందింది," అన్నాడు. అందలేదని తెలిసినవాడు ఆ ఇంట్లో అతనొక్కడే.

కూర్మనాథం ముఖం విప్పారింది. లేచి వెళ్లి ఇంకో ముద్ద తెచ్చి ఆకులో పెట్టాడు. ఓబులేసు చాలనలేదు.