సినిమాలో లేని డైనోసార్

రేపు పొద్దున్న థియేటర్ ముందు నిలబడాల్సిన డైనోసార్‌కి ముందు కాళ్లు పొట్టివని ఈ సాయంత్రం తెలిసింది.

కనిపెట్టింది దీవెన. విజయనగరంలో డిగ్రీ చదువుతోంది, జువాలజీ. ఫోన్‌లో డైనోసార్లతో పార్కు కట్టే ఆట ఆడీ ఆడీ ఏ జాతి ఏం తింటుందో, దేనితో పడదో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నెల్లిమర్ల బాప్టిస్టు చర్చి పక్క హాల్లో నిలబడి ఫోన్‌లో బొమ్మ వంకా, ఎదురుగా ఉన్న జంతువు వంకా మార్చి మార్చి చూసి నీరుగారిపోయింది.

“అత్తా, కొంప ములిగిపోనాది.”

జ్ఞానసుందరి డైనోసార్ పొట్ట కింద పడుకుని గోనె కుడుతోంది. దబ్బనం ఆపకుండానే అడిగింది. “ఏటైందే?”

“బ్రాకియోసారస్‌కి ముందు కాళ్లు పొడుగుండాల. వెనక కాళ్లు పొట్టి. జిరాఫీలాగ. మనది తిరగబడ్డాది.”

దబ్బనం ఆగింది. ఇద్దరూ కలిసి ఎల్లాజీ వైపు చూశారు.

డైనోసార్ కింద చక్రాల బండి కట్టింది ఎల్లాజీ. పొడుగాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను పండక్కి బండి కట్టే మనుషుల్లో, తాతల కాలం నుంచీ వాళ్లింటి మనిషి ఒకడు ఉంటూ వస్తున్నాడు. మెడ ఎత్తే డైనోసార్ కావాలని దీవెన అడిగినప్పుడు అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పొడుగాటి సరుగుడు మాను తెచ్చాడు. నడుము దగ్గర ఇరుసు మీద నిలబెట్టాడు. ఒక కొస మెడ, రెండో కొస తోక. తోకకి ఇసక బస్తాలు కట్టాడు. తోక దిగితే తల లేస్తుంది. తోక లేస్తే తల దిగుతుంది. అంతా బ్రహ్మాండంగా కుదిరింది, ఒక్కటి తప్ప. మాను లేచే బండికి ముందు వైపు పొట్టిగా ఉండాలి, లేకపోతే లాగేటప్పుడు వెనక్కి తిరగబడుతుంది. ఎల్లాజీ చేతికి వేరే పద్ధతి తెలీదు. డైనోసార్ ముందు కాళ్లు కూడా అలాగే పొట్టిగా వచ్చాయి.

“ముందు ఎత్తితే మెడ తూలిపోతాది సుందరప్పా,” అన్నాడు ఎల్లాజీ తల గోక్కుంటూ. “జనం మీద పడతాది. నాను ఎత్తను.”

“ఎత్తొద్దులే. బేగి టీ తాగు, మొకం అలా ఎట్టకు,” అంది జ్ఞానసుందరి. కానీ ఆమె ముఖమూ బాగా లేదు.

డైనోసార్ల సినిమా కొత్త భాగం రేపే విడుదల. విజయనగరంలో ఒక థియేటర్ మేనేజరు గిరిబాబు పోటీ పెట్టాడు. సినిమాలో కనిపించే జాతి డైనోసార్‌ని ఎవరైనా తయారు చేసి తేవచ్చు. గెలిచినది సినిమా ఆడినన్నాళ్లూ గేటు దగ్గర నిలబడుతుంది. పక్కన చేసినవాళ్ల పేర్లతో పెద్ద బోర్డు.

జ్ఞానసుందరికి ఆ బోర్డు కావాలి.

జనపనార మిల్లులో గోనెలు కుట్టిన చేతులు ఆమెవి. ప్రతి క్రిస్మస్‌కీ చర్చి నాటకంలో జంతువులన్నీ ఆమే చేసేది. దానియేలు సింహాలు, యోనాని మింగిన చేప, జ్ఞానుల ఒంటె. ఆ ఒంటెని చూడ్డానికి అంత దూరాన ఉన్న భావనపాడు నుంచి కూడా బంధువులు వచ్చేవాళ్లు. నాటకం అయ్యాక మైకులో చెప్పేది మాత్రం ఒకటే మాట: “ఒంటెను సమర్పించినవారు యువజన సంఘం.” ఆమె ఏనాడూ ఎవరినీ ఏమీ అనలేదు. ఈసారి మాత్రం దీవెన బోర్డు సంగతి చెప్పగానే, ఎల్లాజీకి కబురు పెట్టమంది.

ఎల్లాజీ టీ తాగడానికి వెళ్లాడు. దీవెన కదల్లేదు. జంతువు చుట్టూ తిరిగింది. కొంచెం పొట్టి ముందు కాళ్లు. తిన్నగా సాగిన వీపు. బారెడు తోక. ఈ ఆకారాన్ని ఆమె ఎక్కడో చూసింది. ఫోన్‌లో కాదు. నిజంగా.

“అత్తా!” అని అరిచింది. “కాలేజీ టూర్‌లో హైదరాబాద్ మ్యూజియంలో సూసినాను దీన్ని! ఎముకలు నిలబెట్టున్నాయి. ఇదే నడుము, ఇవే కాళ్లు. మనం చేసిందాంట్లో తప్పు నేదు. పెట్టిన పేరే తప్పు.”

“మరి దీని పేరేటి?”

“కోటసారస్. గోదావరి లోయలో తవ్వితే దొరికినాది. మన తెలుగు నేల మీద తిరిగిన డైనోసార్.”

“అది తెలంగాణా కాదేటి?” అన్నాడు అప్పుడే గ్లాసుతో లోపలికి వచ్చిన ఎల్లాజీ.

“అది తిరిగినప్పుడు రాష్ట్రాలెక్కడివి బాబాయ్? మనుషులే నేరు.”

జ్ఞానసుందరి పొట్ట కింద నుంచి బయటికి వచ్చింది. తను కుట్టిన జంతువుని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. “సినిమాలో ఉన్నాదా ఇది?”

దీవెన తల అడ్డంగా ఊపింది.

“సరే, తీసికెల్దాం. అక్కడికెల్లాక సూద్దారి,” అంది జ్ఞానసుందరి.

*

తెల్లారి మెడ దించుకునే బయలుదేరారు. ఎల్లాజీ మనుషులు ముందు తాడు లాగుతుంటే, ఎల్లాజీ పొట్టలో కూర్చుని మెడ లేవకుండా దాని తాడు బిగించి పట్టుకున్నాడు. ఆటోలు పక్కకి తప్పుకుని హారన్లు కొట్టాయి. బస్సు కిటికీల్లోంచి ఫోన్లు బయటికి వచ్చాయి. ఊళ్లోకి వచ్చేసరికి వెనక ఊరేగింపు తయారైంది.

మూడు లాంతర్ల కూడలిలో జనం అడ్డం నిలబడ్డారు.

“మెడ ఎత్తండి! ఎత్తితేనే దారి!”

“ఎత్తీ బాబాయ్,” అంది దీవెన.

తోక దిగింది. మెడ లేచింది. దుకాణాల బోర్డులు దాటి, మేడ మీద ఆరేసిన చీరలు దాటి, గోనెతో కుట్టిన ఆ చిన్న తల ఆకాశంలోకి వెళ్లింది. ఇంత పొడుగు మాను ఈ కూడలిలో లేవడం ఏడాదికి ఒక్కసారే చూస్తారు వాళ్లు. అదీ సిరిమాను పండక్కి, ఇలా జూన్‌లో కాదు.

తోపుడుబండి మీద అరటిపళ్లు అమ్మే ధనలక్ష్మి నోరు తెరుచుకుని చూస్తోంది. “ఓలమ్మా! ఏటి తింటాదే ఇది? మనుషుల్నా?”

“కాదమ్మా, ఆకులూ కాయలూ,” అంది దీవెన.

ధనలక్ష్మి చెయ్యి తనంతట తనే బండి మీదికి వెళ్లింది. ప్రతి సిరిమానుకీ విసిరే చెయ్యి అది. ఒక పండు తుంచి, గురి చూసి, తల మీదికి విసిరింది. పండు ముట్టె మీద తగిలింది.

“తినమ్మా!”

అంతే, కూడలి అంతా కేక వేసింది. మరుక్షణం నాలుగు వైపుల నుంచీ అరటిపళ్లు లేచాయి.

“ఎవులైనా డబ్బులిచ్చి ఇసరండ్రా!” అని అరుస్తోంది ధనలక్ష్మి. అరుస్తూనే తను ఇంకో రెండు విసిరింది.

పళ్లు మెడ మీద పడ్డాయి. వీపు మీద పడ్డాయి. కింద రోడ్డు మీద పడి చితికాయి. ముందుకి లాగగానే వాటి మీద చక్రాలు ఎక్కాయి.

బండి జారింది.

ముందు తాడు పట్టుకున్న ఇద్దరు కాళ్లు జారి పడ్డారు. అక్కడ రోడ్డు కాస్త వాలు. బండి పక్కకి తిరిగి, ఎవరూ లాగకుండానే కదలసాగింది. దీవెన పైకి చూసింది. మెడ తిన్నగా కరెంటు తీగల వైపు వెళుతోంది. పండగకైతే ముందే కరెంటు ఆపుతారు. ఈ రోజు ఎవరు ఆపుతారు? సరుగుడు మాను మీద పొద్దున్న దారిలో పడిన చినుకుల తడి ఇంకా ఉంది. పొట్టలో ఎల్లాజీ ఉన్నాడు.

“బాబాయ్! దించు! తీగలు!”

“దిగట్లేదే!” లోపలి నుంచి ఎల్లాజీ గొంతు. “తాడు ఇరుసులో ఇరుక్కుపోనాది!”

“అయితే దూకీ!”

“దూకితే బరువు తప్పి మాను నిలబడదు, జనం మీద పడిపోతాది!”

జనం కేకలు మారిపోయాయి. తోసుకుంటూ వెనక్కి పరిగెత్తుతున్నారు. మెడకీ తీగకీ మధ్య బారెడు దూరం ఉంది. ఇప్పుడు మూరెడు.

జ్ఞానసుందరి వెనక్కి పరిగెత్తింది. తోక దగ్గరికి. ఇసక బస్తాలు అక్కడ వేలాడుతున్నాయి. వాటి మూతులు కుట్టింది ఆమే, మిల్లులో కుట్టినట్టే, గొలుసు కుట్టు. అలాంటి కుట్టుకి ఒక కొస ఉంటుంది. ఆ కొస దొరికిందంటే కత్తి అక్కర్లేదు, బ్లేడు అక్కర్లేదు. ఆమె చేతులు కొసని వెతుక్కోలేదు. నేరుగా దాని మీదికి వెళ్లాయి. పట్టుకుని లాగింది.

సర్రున మూతి ఊడింది. ఇసక ధారగా పడింది. రెండో బస్తా. మూడోది.

బరువు పోయిన తోక మెల్లిగా లేచింది. మెడ మెల్లిగా దిగింది. తల తీగ కిందగా, చెయ్యి పట్టేంత సందులోంచి, హుందాగా దాటింది. ఇంకా దిగింది. దిగి దిగి, ధనలక్ష్మి తోపుడుబండి మీద, అరటి గెల పక్కన ఆగింది.

పరిగెత్తినవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

ధనలక్ష్మే ముందు తేరుకుంది. “ఓలి నాయనో! ఇసిరితే అందలేదని నా బండికాడికే వచ్చీసినాది!”

మూడు లాంతర్లు నవ్వులతో దద్దరిల్లింది. పొట్టలోంచి ఎల్లాజీ తల బయటికి పెట్టాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు. “సుందరప్పా, బతికున్నానా?”

“ఉన్నావు గానీ ఆ తాడు విప్పు ముందు,” అంది జ్ఞానసుందరి. గొంతు మామూలుగానే ఉంది.

ఖాళీ బస్తాల్లోకి కుర్రాళ్లు రోడ్డు మీది అరటిపళ్లు ఏరి నింపారు. ఆమె మళ్లీ మూతులు కుట్టింది. మెడ మళ్లీ లేచింది, ఈసారి ఎల్లాజీ చెప్పినంత ఎత్తుకే.

*

థియేటర్ ఆవరణలో విశాఖ నుంచి వచ్చిన టీరెక్స్ లారీ మీద నిలబడి ఉంది. ఫైబర్‌తో చేసింది. స్పీకర్లోంచి గర్జిస్తోంది. కళ్లలో ఎర్ర బల్బులు. దాని చుట్టూ ఉన్న నలుగురూ గోనె జంతువు గేటులోకి రావడం చూసి ఇటు వచ్చేశారు.

వెనక వచ్చిన జనాన్ని చూసి గిరిబాబు కళ్లు మెరిశాయి. జ్ఞానసుందరికి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. “అమ్మా, అదరగొట్టారు! మొదటి బహుమతి ఇదే, నేను చెబుతున్నాను. బ్రాకియోసారస్ కదా? పెయింటరూ, రాసీ!”

విశాఖ బృందంలో ఒకతను ఫోన్ పైకెత్తాడు. “సార్, బ్రాకియోకి ముందు కాళ్లు ఎత్తుండాలి. ఇది అది కాదు. ఇది సినిమాలోనే లేదు.”

గిరిబాబు జ్ఞానసుందరిని పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. “కాళ్లు కొలిచేదెవరమ్మా? మీరు బ్రాకియోసారస్ అనండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను. బోర్డు మీద మీ పేరు ఇంత అక్షరాలతో రాయిస్తాను.”

చేతులు బార్లా చాపి చూపించాడు.

దీవెన అత్త వైపు చూసింది. ఒక్క మాట. ఒకే ఒక్క అబద్ధం. తనైతే ఆ మాట చెప్పేసేదే. అత్త ఆ బోర్డు కోసం ఎన్నాళ్లు ఆగిందో ఆమెకు తెలుసు.

జ్ఞానసుందరి డైనోసార్ మెడ మీద అంటుకున్న అరటి తొక్క తీసి పక్కన పడేసింది.

“బాబూ, నాను ఒంటె సేస్తే వేరేవోళ్ల పేరు సెప్పేవోరు,” అంది. “సింహం సేస్తే వేరేవోళ్ల పేరు. ఎలగుంటాదో నాకు తెలుసు. ఇప్పుడు దీనికీ అదే పని నాను సెయ్యాలా? దీని పేరు కోటసారస్. మన గోదారి పక్కన తిరిగినాది. నీ సినిమాలో నేకపోతే అది నీ సినిమా లోటు.”

గిరిబాబు ముఖం వాడిపోయింది. “అయితే రూలు ప్రకారం పోటీలో లేదమ్మా.”

“వద్దులే.” ఆమె తిరిగింది. “ఎల్లాజీ, బండి తిప్పు. ఇంటికి పోదారి.”

బండి తిరిగింది. గేటు దాటింది. టీరెక్స్‌కి మొదటి బహుమతి మైకులో ప్రకటించారు. చప్పట్లు లేవు. కొట్టడానికి ఆవరణలో ఎవరూ లేరు. జనమంతా మెడ వెనకే రోడ్డు మీదికి వెళ్లిపోయారు. టికెట్ కిటికీ దగ్గర వరస కూడా వెళ్లిపోయింది. లారీ మీద టీరెక్స్ ఒంటరిగా గర్జిస్తోంది.

గిరిబాబు మైకు పడేసి రోడ్డు మీదికి పరిగెత్తాడు. “ఆగండమ్మా! ఆగండి! ఎల్లాజీ, ఆపవయ్యా!”

ఎల్లాజీ ఆపలేదు. జ్ఞానసుందరి చెయ్యి ఎత్తాక ఆపాడు.

“బహుమతి ఇవ్వలేను. రూలు రూలే,” అన్నాడు గిరిబాబు ఆయాసపడుతూ. “కానీ గేటు ఇవతల స్థలం నాదే. సినిమా ఆడినన్నాళ్లూ ఇక్కడ నిలబెట్టండి. ఏం రాయమంటే అదే రాయిస్తాను.”

“పోటీలో లేదన్నారు కదా సార్?” అంది దీవెన.

“లేదమ్మా. పోటీలో లేదు. అందరూ చూస్తున్నది మాత్రం దీన్నే. నేను సినిమా నడపాలా వద్దా?”

పెయింటరు కుంచె ముంచి నిలబడ్డాడు. “సినిమాలో లేదని కూడా రాయాలా అమ్మా?”

“రాయి,” అంది జ్ఞానసుందరి. “పెద్దగా రాయి. ఎల్లాజీ పేరు రాయి. బండి లాగినోళ్ల పేర్లు అడిగి రాయి. మా గుంట దీవెన పేరు రాయి, ఇది కోటసారస్ అని సెప్పినాది అదే.”

“మీ పేరో?”

ఆమె బోర్డు దగ్గరికి జరిగింది. “జ్ఞానసుందరి. నెల్లిమర్ల.”

రంగు ఆరకముందే ధనలక్ష్మి తోపుడుబండి తోసుకుంటూ వచ్చేసింది. ఆ పూట బండి అంతా ఖాళీ. డబ్బులు ఇచ్చినవాళ్లు ఎవరో, ఇవ్వనివాళ్లు ఎవరో ఆమెకే తెలీదు. బోర్డు ముందు నిలబడి తల పైకెత్తింది.

“ఏటి రాసినారప్పా? నాకు సదువు నేదు.”

జ్ఞానసుందరి చదివింది.

“కోటసారస్. ఇది ఈ సినిమాలో లేదు. ఇది మన నేల మీద తిరిగింది. చేసినవాళ్లు...” ఎల్లాజీ పేరు చదివింది. బండి లాగినవాళ్ల పేర్లన్నీ చదివింది. దీవెన పేరు చదివింది. చివర తన పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు పెరిగింది. రోడ్డుకి అవతల ఆటో స్టాండు దాకా వినిపించింది.

“ఇంకోపాలి సదువు,” అంది ధనలక్ష్మి.

ఆమె మొదటి అక్షరం నుంచీ మళ్లీ చదివింది.