జనాతీ చెయ్యి మర మీద పడితే

మా షుబ్రా పేటలో పాట బతకడమూ చావడమూ రేడియో వాళ్ళ చేతుల్లో ఉండేది కాదు. మైక్రోబస్సు నడిపే జనాతీ చేతుల్లో ఉండేది. కొత్త కేసెట్టు ఏదైనా ముందు అతని బండిలో నైలు అవతలి గీజా దాకా మోగాలి. ఈలోపు అతను దాన్ని బయటికి లాగలేదా, సాయంత్రానికల్లా దుకాణాల వాళ్ళు తెప్పించుకునేవారు. లాగి వంతెన మీంచి విసిరాడా, ఆ గొంతు మళ్ళీ పెళ్ళి పందిళ్ళకి పోవలసిందే. ఆ రోజుల్లో నైలు చేపలకి పాటలన్నీ కంఠతా వచ్చు. నమ్మకపోతే మానెయ్యండి, చేపలకేం నష్టం లేదు.

మా షౌఖియ్యా మొదటి కేసెట్టూ అలాగే బయల్దేరింది. పాడింది ఆమె, డోలు వాయించింది నేను, మిక్సింగు చేసింది బయ్యూమీ. అతని స్టూడియో గోడలకి గుడ్ల అట్టలు, తలుపు సందుల్లో గుడ్డలు. లోపల చీమ తుమ్మినా వినిపిస్తుంది. నెమ్మది చరణం దగ్గర సౌండు మీటని కిందికి దింపి దింపి, పిల్లనగ్రోవినీ ఆమె గొంతునీ దూదిపింజ చేశాడు. ఆ వెంటనే నా డోలుకి మీట పై దాకా తోసేశాడు.

"పాటంటే ఊపిరమ్మా. ముందు బిగబట్టాలి, తర్వాత ఒక్కసారి వదలాలి."

"పెళ్ళిలో అంతసేపు బిగబడితే నా మీద చెప్పులు పడతాయి బాబాయ్," అంది షౌఖియ్యా.

"పెళ్ళి వేరు, కళ వేరు. నువ్వు ఊరుకో."

ముగ్గురం జనాతీ బండెక్కాం. పల్లవికి జనం తలలూపారు. నెమ్మది చరణం వచ్చేసరికి బయట హారన్లు, లోపల రోజూ ఎక్కే ఉమ్మ్ సాబిర్ ఒళ్ళో బాతు గోల. పాట మాత్రం ఎక్కడా లేదు.

"చచ్చిందేంటిది?" అంటూ జనాతీ సౌండు మర చివరి దాకా తిప్పాడు. సరిగ్గా అప్పుడే నా డోలు పడింది. బండి కప్పు జానెడు పైకి లేచి మళ్ళీ కూర్చుంది. బాతు కిటికీలోంచి దూసుకుపోయి, వెనక వస్తున్న గాడిదబండిలో పుచ్చకాయల మీద వాలింది.

"నా బాతు! ఎవడ్రా ఇది చేసింది? వాడి చెవుల్లో ఉల్లికాడలు మొలవ!" అని ఉమ్మ్ సాబిర్ అరుపు.

బయ్యూమీ వంగి చెప్పు సర్దుకున్నాడు. జనాతీ కేసెట్టు లాగి చెయ్యి కిటికీ బయట పెట్టాడు. షౌఖియ్యా ఆ మణికట్టు పట్టేసుకుంది.

"జనాతీ ఉస్తా, నీ పిల్లలు చల్లగా ఉండాలి, రేపు ఇంకొక్కసారి!"

"సరే. కానీ రేపు నా చెయ్యి ఈ మర మీద పడిందో, నీ పాట నైల్లో పడుతుంది."

స్టూడియోలో బయ్యూమీ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. "వాడికి చెవులున్నాయటే?"

"పెళ్ళి ఊరేగింపు ఎలా వస్తుంది బాబాయ్? సందు మొదట్లో సన్నగా, మలుపు తిరిగాక కాస్త పెద్దగా, గుమ్మం దగ్గరికొచ్చేసరికి గుండెల మీద. అంతేగానీ మంచమ్మీదికి వచ్చి పడదుగా!"

అతను ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే లేచి కిటికీ తెరిచి, వీధి గోలంతా లోపలికి రానిచ్చాడు. ఆ గోలలో వినపడేదాకా నెమ్మది చరణాన్ని పైకి తెచ్చాడు. పిల్లనగ్రోవి ఇంకా ఆగకముందే దాని కింద నా డోలు మొదలుపెట్టి, మీటని వేలితో కొంచెం కొంచెం నెట్టాడు.

మర్నాడు మళ్ళీ బండెక్కాం. బాతు ఈసారి మూతేసిన బుట్టలో ఉంది. నెమ్మది చరణం వచ్చింది. జనాతీ చెయ్యి లేచింది. షౌఖియ్యా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి మీసం గోక్కుని మళ్ళీ హారను మీదికి పోయింది. డోలు సందు మొదటి నుంచి నడిచి వచ్చింది. జనం తమకు తెలియకుండానే చప్పట్లు కొడుతున్నారు.

"బాగుందే! రెండోవైపు చూద్దాం," అని జనాతీ కేసెట్టు తిప్పాడు.

బయ్యూమీ మొహం పాలిపోయింది. "రెండోవైపు నేను ముట్టుకోలేదు, ఇంకా పాత మిక్సింగే," అని నా చెవిలో గొణిగి, పైకి అరిచాడు: "ఉస్తా, ఆపు, దిగాలి!"

"వంతెన మధ్యలోనా? ఈదుకుంటూ పోతావా?"

ఈ వైపు నెమ్మది చరణం రానే వచ్చింది. పాట మాయమైంది. జనాతీ వేళ్ళు మర వైపు కదిలాయి. అంతే, వెనక సీట్లోంచి షౌఖియ్యా అదే చరణం అందుకుంది. మొదట సన్నగా, తర్వాత కాస్త పైకి. నేను ముందు సీటు వెనక రేకు మీద వేళ్ళతో మొదలుపెట్టి అరచేతులకి వచ్చాను. కేసెట్టులో డోలు పడేవేళకి బండంతా దానికంటే పెద్దగా మోగుతోంది. బాతు కదల్లేదు.

జనాతీ రెండు చేతులూ వదిలి వెనక్కి తిరిగాడు. బండికి దారి తెలుసు కాబట్టి అదే గీజా చేరింది.

"మర ముట్టుకోలేదమ్మోయ్!" అంటూ కేసెట్టుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "సాయంత్రం దుకాణాలకి చెబుతా."

షౌఖియ్యా ఏడుస్తూ నవ్వింది. రెండోవైపు సరిచెయ్యడానికి బయ్యూమీ అప్పటికే దిగి పరిగెత్తబోతున్నాడు. ఉమ్మ్ సాబిర్ అతని చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వేనా నాయనా చేసింది? మొదటివైపు పర్లేదు. రెండోవైపు మాత్రం అద్భుతం. దాని జోలికి పోకు!"